చెత్త సంచిలో సూది ఎవరిది? ఆసుపత్రి వ్యర్థాల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

లాసన్స్‌బే_లక్ష్మి
సోమవారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. కంగారులో రాస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి.

మా అపార్ట్‌మెంట్‌లో చెత్త తీసుకెళ్ళే అమ్మాయికి ఈ రోజు పొద్దున్న సూది గుచ్చుకుంది. ఇరవై రెండో, ఇరవై మూడో ఏళ్ళుంటాయి. సంచి జారిపోతుంటే కింద చెయ్యి పెట్టి ఎత్తిందట, బొటనవేలి పక్క కండలో దిగింది. చేతికి గ్లవ్స్ ఉన్నాయి కానీ అవి గిన్నెలు తోముకునే రకం, సూదికి అవొక లెక్కా? రక్తం తుడుచుకుని, కొళాయి దగ్గర సబ్బడిగి కడుక్కుని, మిగతా మూడు బ్లాకులూ పూర్తి చేసుకునే వెళ్ళింది. నాకు సాయంత్రం వాచ్‌మన్ చెబితే తెలిసింది.

మా బిల్డింగ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక క్లినిక్ ఉంది. వాళ్ళే పడేసి ఉంటారు, ఇంకెవరు పడేస్తారు? నాకు ఒళ్ళు మండిపోతోంది. కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలి, జీవీఎంసీకా (మన విశాఖ నగరపాలక సంస్థ), పొల్యూషన్ బోర్డుకా? క్లినిక్ పేరు: (నిర్వాహకులు తొలగించారు)


ఓటీ_సిస్టర్
సోమవారం, రాత్రి 8:22

కంప్లైంట్ రేపు ఇచ్చుకోవచ్చమ్మా. ముందు ఆ పిల్ల ఎక్కడుంది? గుచ్చుకుని ఎన్ని గంటలైంది?

నేను ప్రభుత్వాసుపత్రిలో 31 ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను, అందులో సగం ఆపరేషన్ థియేటర్‌లోనే. నాకే నాలుగుసార్లు గుచ్చుకుంది. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద కడగాలి. ఆ పని తను చేసింది, సంతోషం. వేలు పిండటం, నోట్లో పెట్టుకుని పీల్చటం, స్పిరిట్ పొయ్యటం చెయ్యకూడదు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే అన్నిటికన్నా మేలు, 72 గంటలు దాటితే ఇచ్చీ లాభం లేదు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. అవి కావాలో వద్దో డాక్టరు తేలుస్తారు, వాట్సాప్ కాదు. కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జి ఆసుపత్రిలో, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉంది. ఈ వేళప్పుడైతే క్యాజువాలిటీకి వెళ్ళి సూది గుచ్చుకుందని చెప్పండి.

అందరూ హెచ్‌ఐవీకే భయపడతారు. సూది వాడిన మనిషి రక్తంలో అది ఉన్నా, గుచ్చుకున్నవాళ్ళకి అంటుకునేది వెయ్యికి మూడు. హెపటైటిస్ సి అయితే నూటికి రెండు లోపే. అసలు జడవాల్సింది హెపటైటిస్ బికి. టీకా లేనివాళ్ళకి నూటికి 30 దాకా అంటుకోవచ్చు. టీకా ఉన్నదీ దానికే! ఆ అమ్మాయి వేసుకుందా అని అడగండి. వేసుకుని ఉండదు, నాకు తెలుసు, అయినా అడగండి.


లాసన్స్‌బే_లక్ష్మి
సోమవారం, రాత్రి 8:31

సిస్టర్ గారూ, పన్నెండు గంటలు దాటిపోయింది. పెదవాల్తేరులో ఉంటుందట, వాచ్‌మన్ దగ్గర ఫోన్ నంబరు దొరికింది. మా ఆయన కారు తీస్తున్నారు. వెళ్ళొచ్చి రాస్తాను.


నిర్వాహకుడు
సోమవారం, రాత్రి 8:45

క్లినిక్ పేరు తీసేశాను. ఆ సూది ఎవరిదో తేలకుండా ఇక్కడ ఎవరి పేరూ రాయొద్దు. మిగతా చర్చ కానివ్వండి.


ఊరికే_ఒకడిని
సోమవారం, రాత్రి 9:02

ఏటండీ ఈ హడావుడి. ప్రతి ఆసుపత్రిలో పసుపు బకెట్, ఎర్ర బకెట్, గోడ మీద రంగుల బొమ్మలు. ఇనస్పెక్షన్ రోజున కొత్త మూతలు. చివరికి అన్నీ కలిసి కాపులుప్పాడ డంపింగ్ యార్డుకే కదా పోయేవి. ఆ మాత్రం దానికి ఇన్ని రంగులెందుకో.


శాంపిల్_కుర్రోడు
సోమవారం, రాత్రి 11:40

పై అన్నయ్యకి జవాబు. నైట్ డ్యూటీలో ఉన్నాను, శాంపిల్స్ తిరుగుతున్నాయి, టైముంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, దాబాగార్డెన్స్ దగ్గర. అన్నీ డంపింగ్ యార్డుకి పోవు. అక్కడికి వెళ్ళేది ఊరి చెత్త. ఆసుపత్రి వ్యర్థాల కోసం విడిగా కామన్ ప్లాంటు ఉంటుంది, దాని వ్యాను విడిగా వస్తుంది. 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల ప్రకారం 75 కిలోమీటర్ల లోపు అలాంటి ప్లాంటు ఉంటే ఏ ఆసుపత్రీ సొంతంగా కాల్చుకోకూడదు. పెద్దాసుపత్రి అయినా, ఒక్క మంచం కూడా లేని పంటి డాక్టరు గది అయినా, పశువుల ఆసుపత్రి అయినా, మా ల్యాబ్ అయినా రూల్ ఒకటే. శుద్ధి చెయ్యకుండా 48 గంటలకి మించి ఉంచుకోకూడదు. సంచి మీద బార్‌కోడ్ అంటించాలి, వ్యాను అబ్బాయి స్కాన్ చేసి, తూకం వేసి తీసుకెళ్తాడు.

రంగుల సంగతికొస్తే, మా దగ్గర జరిగేది చెబుతాను. రక్తం తీశాక సూది తెల్ల డబ్బాలోకి పోవాలి. అది గుచ్చితే చిల్లు పడని గట్టి డబ్బా. సూది తీసేసిన సిరంజి, గ్లవ్స్, ట్యూబులు ఎర్ర సంచిలోకి. రక్తం అంటిన దూది, కట్టుబట్టలు, కాలం చెల్లిన మందులు పసుపులోకి. మందు బుడ్లు, పగిలిన గాజు నీలం డబ్బాలోకి. పరీక్ష కోసం క్రిములు పెంచే కల్చర్ ప్లేట్లు, రక్తం శాంపిల్స్ మాత్రం నేరుగా సంచిలో వెయ్యకూడదు, ముందు మా దగ్గరే ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరి పట్టే మిషన్) పెట్టి క్రిములు చచ్చాకే బయటికి పంపాలి. ప్లాంటులో ఎర్రదీ తెల్లదీ ఆవిరికి, పసుపుది కొలిమికి, అంటే కాల్చే ఇన్సినరేటర్‌కి. అంటే సంచి రంగు చూసి ప్లాంటువాడు దాన్ని ఏ మిషన్‌లో వెయ్యాలో తేల్చుకుంటాడు. సంచి విప్పి చూడడు, చూడకూడదు కూడా.

ఇప్పుడు అసలు విషయం. ఇదివరకు ఒకచోట పనిచేశాను, పేరొద్దు. అక్కడ పొద్దున్న పది గంటలకి ఎర్ర బకెట్ మూత తీస్తే పైన ఇడ్లీ ప్యాకెట్, దాని మీద చట్నీ, ఆ కింద సిరంజి, సిరంజికి సూది అలాగే. ఎవరు వేశారంటే ఎవరూ వెయ్యలేదు. పేషెంటు పక్కనున్నవాళ్ళు టిఫిన్ చేసి దగ్గర్లో ఏది కనిపిస్తే అందులో వేస్తారు. ట్రైనింగ్ లేని కుర్రాడు సూది తియ్యకుండా సిరంజి వేస్తాడు. అక్కడ తప్పిపోయిందంటే ఆ తర్వాత ఎన్ని కోట్ల ప్లాంటు ఉన్నా సరిచెయ్యలేదన్నయ్యా.


పబ్లిక్‌హెల్త్_పాప
మంగళవారం, ఉదయం 7:15

పైన చెప్పినదానికి ఒక లెక్క కలుపుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆసుపత్రిలో పుట్టే చెత్తలో 85 శాతం దాకా మామూలు చెత్తే: కాగితాలు, అట్టపెట్టెలు, అన్నం, తొక్కలు. ప్రమాదమైనది 15 శాతమే. ఆ 15ని విడిగా పట్టుకోగలిగితే పని సులువు. ఇడ్లీ ప్యాకెట్ మీద రక్తం పడిందా, ఇక ఇడ్లీ ప్యాకెట్ కూడా ప్రమాదమైన లెక్కలోకే పోతుంది, మొత్తం నూరూ కొలిమికే మొయ్యాలి.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. కోవిడ్ వ్యర్థాల మీద అదే సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక చూస్తే, ప్రపంచంలో 30 శాతం ఆసుపత్రులకి అంతకుముందున్న చెత్తనే సంభాళించుకునే ఏర్పాట్లు లేవు. బాగా పేద దేశాల్లో అది 60 శాతం. కోవిడ్ టీకాల సూదులు, సీసాలు, వాటి పెట్టెలు కలిసి 1,44,000 టన్నుల అదనపు చెత్త అని అందులోనే లెక్క కట్టారు. టీకా చేరవెయ్యడానికి ఉన్న ఉత్సాహం వాడేసిన సిరంజిని వెనక్కి తేవడానికి ఎక్కడా ఉండదు, నిధులు కూడా అంతే.


ఊరికే_ఒకడిని
మంగళవారం, ఉదయం 7:40

సరే, ఎర్రది ఆవిరికి పోతుంది, పసుపుది కొలిమికి పోతుంది. కొలిమి పొగ మాత్రం మన ముక్కులోకే కదా? అదేదో ఆసుపత్రి వెనకాలే పాత డ్రమ్ములో కాల్చేసుకుంటే వ్యాను డీజిలైనా మిగులుతుంది.


బాయిలర్_బాబాయ్
మంగళవారం, ఉదయం 9:30

డ్రమ్ములో కాల్చడమన్న మాట విన్నాక నేను ఊరుకోలేను. ఉక్కు ఫ్యాక్టరీలో 28 ఏళ్ళు మంటల మధ్యే బతికాను.

నాయనా, మంట అంటే ఒకటే రకం కాదు. డ్రమ్ములో వేసి అగ్గిపుల్ల గీస్తే మండేది పైపైన. లోపల రెండు మూడు వందల డిగ్రీల దగ్గర కుములుతుంటుంది. ఆ చెత్తలో పీవీసీ అనే ప్లాస్టిక్ ట్యూబులుంటాయి, పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. ఆ కుములుడులో ఆ క్లోరిన్‌తోనే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అవి గాలిలోంచి గడ్డి మీద వాలి, ఆవు పొట్టలోకి పోయి, పాలలో తేలతాయి. కొవ్వులో చేరితే ఏళ్ళ తరబడి పోవు. క్యాన్సర్ తెచ్చే జాతి అది.

సరైన కొలిమికి రెండు గదులుంటాయి. మొదటి గదిలో 800 డిగ్రీల దగ్గర చెత్త కాలుతుంది. దాని పొగ రెండో గదిలోకి పోతుంది, అక్కడ 1050 డిగ్రీలు. ఆ వేడిలో పొగ కనీసం రెండు సెకన్లు ఉండాలి. రెండు సెకన్లంటే నవ్వులాటగా ఉంటుంది గానీ, పొగని అంతసేపు ఆపాలంటే గది సైజు ఎంతుండాలో ఇంజినీర్ని అడగండి. తర్వాత పొగని కడిగి, 30 మీటర్ల చిమ్నీలోంచి వదలాలి. డయాక్సిన్ పరిమితి ఘనపు మీటరు పొగకి 0.1 నానోగ్రాము. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు, అందులో మళ్ళీ పదో వంతు.

ఇంత హంగూ చేసినా, పసుపు సంచిలో సగం నీళ్ళున్న సెలైన్ సీసాలు పడితే తడి కట్టెల పొయ్యే. వేడి పడిపోతుంది. పైగా అవి ఎర్ర సంచిలోకి పోవాల్సినవి. సంచులు, గ్లవ్స్ కూడా క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌తో చెయ్యకూడదని 2019 మార్చి 27 గడువు పెట్టారు, రక్తం సంచులకి మాత్రం మినహాయింపు.

ఆటోక్లేవ్ అంటే ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ప్రెషర్ కుక్కరే. మీ కుక్కర్ విజిల్ వేసే 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీలు. కాకపోతే ఈ చెత్తకి అరవై నిమిషాలు ఉంచాలి. గట్టిగా కుక్కితే మధ్యలోకి ఆవిరి పోదు. కుక్కర్లో పప్పు గిన్నె మీద పళ్ళెం బిగించి పెట్టి చూడండి, పప్పు పలుకుగానే ఉంటుంది. అందుకనే లోపల గట్టిపిండం లాంటి సూక్ష్మజీవి బీజాల స్ట్రిప్ పెట్టి పరీక్షిస్తారు. అది చచ్చిందంటే మిగతావన్నీ చచ్చినట్టే.


ఓటీ_సిస్టర్
మంగళవారం, ఉదయం 10:05

బాబాయ్ గారూ, కుక్కర్ పోలిక బాగుంది గానీ 'ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు' అన్నది మాత్రం బాగాలేదు. మా ఆయన ముప్పయ్యేళ్ళుగా పప్పు వండుతున్నారు.


బాయిలర్_బాబాయ్
మంగళవారం, ఉదయం 10:11

చెంపలేసుకున్నాను తల్లీ.


తుక్కు_శీను
మంగళవారం, మధ్యాహ్నం 2:20

నాది కంచరపాలెం వైపు పాత సామాన్ల కొట్టు. ఇలాంటి చర్చల్లో చివరికి మమ్మల్నే దొంగల్ని చేస్తారు కాబట్టి ముందే వచ్చేశాను.

ఆసుపత్రి ప్లాస్టిక్ కొనడం తప్పేం కాదు. ఆవిరి పట్టి, ముక్కలు చేశాక పర్మిషన్ ఉన్న రీసైక్లింగ్‌వాళ్ళకి అమ్మమని రూలే చెబుతుంది. గుర్తుపట్టడం చాలా తేలిక. ముక్కలై వస్తే ప్లాంటు నుంచి వచ్చింది. సీసా సీసాలాగే, సిరంజి సిరంజిలాగే వచ్చిందంటే ఎవడో వెనక గుమ్మంలోంచి అమ్మాడు. ముక్కలు చెయ్యమనేదే అందుకు, మళ్ళీ కడిగి ప్యాకెట్‌లో పెట్టి అమ్మకుండా.

మొదట్లో, అంటే మా నాన్న ఉన్నప్పుడు, మాకూ తెలిసేది కాదు. గోనెసంచి నిండా సెలైన్ సీసాలు వచ్చేవి. మంచి ప్లాస్టిక్, తెల్లగా ఉంటుంది, రేటు బాగుండేది. మా అమ్మ కూర్చుని ఒక్కొక్క సీసా రబ్బరు మూత పీకేది. ఒకరోజు మూతలో సూది విరిగి ఉండిపోయింది, బయటికి కనపడలేదు. అరచెయ్యి మధ్యలో దిగింది. ఏమీ కాలేదు, అదృష్టం. అప్పటినుంచి మేం ముట్టుకోం. నేను కొనకపోతే పక్క కొట్టువాడు కొంటాడు, అదీ నిజమే.


శాంపిల్_కుర్రోడు
మంగళవారం, మధ్యాహ్నం 3:00

శీను అన్నా, ఆ వెనక గుమ్మం వ్యాపారం ఎంతదాకా పోతుందో 2009లో గుజరాత్‌లోని మొడాసాలో తెలిసింది. వాడిన సిరంజిలనే మళ్ళీ వాడటంతో హెపటైటిస్ బి ఊరంతా పాకి చాలామంది చనిపోయారు. ఆ తర్వాత వెతికితే తుక్కు గోదాముల్లో వాడేసిన సిరంజిలు, సెలైన్ సీసాలు గుట్టలుగా దొరికాయి. మా ట్రైనింగ్‌లో ఈ ఒక్క కథ చెబుతారు, మిగతా స్లైడ్లు ఎవరికీ గుర్తుండవు.


లాసన్స్‌బే_లక్ష్మి
మంగళవారం, సాయంత్రం 6:50

ఆలస్యానికి క్షమించండి. నిన్న రాత్రి ఆసుపత్రిలో డాక్టరు గారు చూశారు. సూది ఎవరిదో తెలియదు కాబట్టి మందులు మొదలుపెట్టారు, హెపటైటిస్ బి టీకా మొదటి డోసు, టీటీ ఇచ్చారు. టీకా ఇంతవరకూ వేసుకోలేదట, సిస్టర్ గారు చెప్పినట్టే. ఆ అమ్మాయి భయపడింది సూదికి కాదు, ఈ రోజు డ్యూటీకి రాకపోతే ఏమంటారో అని.

ఒక సందేహం. టీకా ఇలాంటి పనివాళ్ళకి తప్పనిసరి అని విన్నాను, మరి ఈ అమ్మాయికి ఎందుకు వెయ్యలేదు?


ఓటీ_సిస్టర్
మంగళవారం, రాత్రి 7:30

తప్పనిసరే. కానీ ఎవరికంటే ఆసుపత్రి వ్యర్థాలు పట్టుకునేవాళ్ళకి. వార్డు ఆయాకి, వ్యాను కుర్రాడికి, ప్లాంటులో కొలిమి దగ్గరున్నవాడికి. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు, గ్లవ్స్, బూట్లు, ఏడాదికోసారి పరీక్షలు అన్నీ 2016 రూల్‌లో ఉన్నాయి. మీ అమ్మాయి మోసేది కాగితం మీద ఇంటి చెత్త. ఇంటి చెత్తలో సూదులుంటాయని కాగితానికి తెలియదు. మునిసిపాలిటీ వాళ్ళకి యూనిఫాం, గ్లవ్స్, బూట్లు ఇవ్వాలని వేరే రూల్ ఉందనుకోండి, ఆ గ్లవ్స్ ఎలాంటివో మీరే చూశారు.


ఏజెన్సీ_డాక్టర్
మంగళవారం, రాత్రి 10:15

ఇక్కడ సిగ్నల్ దొరికినప్పుడే చదవగలను, అందుకే ఆలస్యం. నేను పాడేరు పైన ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉన్నాను. పుట్టి పెరిగింది మాత్రం గోపాలపట్నంలో.

75 కిలోమీటర్ల మాట చదివి నవ్వొచ్చింది. విశాఖ నుంచి పాడేరే వంద కిలోమీటర్ల పైమాట, మా ఊరు దానికి ఇంకా పైన, మధ్యలో ఘాట్ రోడ్డు. వానాకాలం కొండచరియ విరిగిపడితే అంబులెన్సే రాదు, 48 గంటల్లో చెత్త వ్యాను ఎక్కడినుంచి వస్తుంది? ఇలాంటి మారుమూల చోట్లకి రూల్‌లోనే గొయ్యి తీసి పాతిపెట్టుకునే వెసులుబాటు ఉంది. రెండు మీటర్ల లోతు గొయ్యి. సగం దాకా వ్యర్థాలు, పైన సున్నం, నేలమట్టానికి అర మీటరు దిగువ వరకు సున్నం వచ్చాక మిగతాది మట్టి. వేసిన ప్రతిసారీ పది సెంటీమీటర్ల మట్టి కప్పాలి. కుక్కలు, పందులు తవ్వకుండా పైన ఇనుప జల్లెడ. దగ్గర్లో బావి ఉండకూడదు. రాయడానికి ఇంతే.

జూలైలో ఆ గొయ్యి చూస్తే తెలుస్తుంది. మట్టి కప్పేలోపే వాన. నీళ్ళు కిందనుంచి ఊరుతాయి, సున్నం పేస్టులా తేలుతుంది. పోయినేడు మేం గొయ్యి చోటు మార్చి ఎత్తు మీద తవ్వించి, చుట్టూ గట్టు పోయించి, పైన రేకు కప్పించాం. రేకుకి డబ్బులు ఏ పద్దు కింద రాయాలో తెలియక ఫార్మసిస్టు నెల రోజులు బాధపడ్డాడు.

ఒక్క విషయంలో మాత్రం మావాళ్ళని మెచ్చుకోవాలి. టీకాలకి ఊరూరా నడిచి వెళ్ళే ఏఎన్ఎం నర్సులు. పిల్లల టీకాలకి వాడే సిరంజి ఒకసారి నొక్కితే లాక్ అయిపోతుంది, రెండోసారి వాడలేరు. ఇంజెక్షన్ ఇచ్చిన మరుక్షణమే, మూత పెట్టకుండా, హబ్ కట్టర్‌లో సూదిని మొదలంటా కత్తిరిస్తారు. టక్ మని చప్పుడొస్తుంది. సూది డబ్బాలో పడుతుంది, సిరంజి ఎర్ర సంచిలోకి. అవి రెండూ మళ్ళీ భుజాన వేసుకుని అదే కొండ దిగి తెస్తారు. టీకాలు తీసుకెళ్ళిన బరువుకన్నా తెచ్చే బరువు తక్కువేం కాదు. సిటీ ఆసుపత్రుల్లో ఏసీ గదిలో పక్కనే ఉన్న డబ్బాలో వెయ్యలేనివాళ్ళని చూసి, వీళ్ళని చూస్తే కోపమొస్తుంది.

ఇంకొకటి, ఇది రూల్ పుస్తకంలో దొరకదు. కాన్పు అయ్యాక మాయని మాకిచ్చేయండి, ఇంటి దగ్గర పాతుకుంటాం అని కొన్ని కుటుంబాలు అడుగుతాయి. పుస్తకం ప్రకారం అది పసుపు సంచి. వాళ్ళకి మాత్రం అది పిల్లకి తోబుట్టువు లాంటిది. ఏం చేస్తున్నానో ఇక్కడ రాయను.


పబ్లిక్‌హెల్త్_పాప
మంగళవారం, రాత్రి 10:40

డాక్టరు గారూ, మీ పోస్టు మా క్లాసులో చదివి వినిపించొచ్చా? పేరు చెప్పను.

కొండ ఊళ్ళ మాట వచ్చింది కాబట్టి, ఖాట్మండూలో బీర్ ఆసుపత్రి గురించి చదవండి. మనకన్నా ధనిక దేశమేం కాదు. కాల్చడం తగ్గించి, వార్డులోనే వేరుచేసి, ఆటోక్లేవ్ చేసి, పనికొచ్చే ప్లాస్టిక్, గాజు అమ్మి ఆ డబ్బుని మళ్ళీ ఆ పనికే పెట్టుకున్నారు.


ఊరికే_ఒకడిని
మంగళవారం, రాత్రి 11:05

డాక్టరు గారి పోస్టు చదివాక నేను కాసేపు నోరు మూసుకుంటాను.


లాసన్స్‌బే_లక్ష్మి
బుధవారం, రాత్రి 9:20

ఎలా మొదలుపెట్టాలో తెలియటం లేదు.

పొద్దున్న ఆ అమ్మాయి వచ్చింది. రెండ్రోజులు సెలవు తీసుకోమన్నా వినలేదు. కంప్లైంట్ రాయడానికి సూది ఎలా ఉందని అడిగాను. 'పొట్టిదమ్మా, నా గోరంత కూడా లేదు. ఆకుపచ్చ మూత ఒకటి పక్కనే పడి ఉంది' అంది. నాకు కాళ్ళలో సత్తువ పోయింది. సిస్టర్ గారికి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

అది ఇన్సులిన్ పెన్ను సూది. నాలుగు మిల్లీమీటర్లది. మా నాన్నగారిది. భోజనానికి ముందు మూడుసార్లు, రాత్రి ఒకసారి. పెన్నులోంచి సూది విప్పి వంటింటి చెత్తబుట్టలో వేస్తారు. నాలుగేళ్ళ నుంచి. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. సోమవారం పడేసిన సంచి మా ఇంటిదే, లోపల మా పాల ప్యాకెట్లు కూడా ఉన్నాయని ఆ అమ్మాయే అంది, నన్ను ఏమీ అనకుండానే.

కింద క్లినిక్‌కి వెళ్ళి చూశాను. తెల్ల డబ్బా, ఎర్ర సంచి, వ్యాను రసీదుల పుస్తకం, అన్నీ ఉన్నాయి. ఆయనకి ఇదంతా చెప్పలేదు, బీపీ చూపించుకుని వచ్చేశాను.

నాన్నగారికి రక్తపరీక్ష చేయించాం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి మూడూ లేవు. రిపోర్టు పట్టుకెళ్ళి చూపిస్తే డాక్టరు గారు ఆ అమ్మాయికి మందులు ఆపమన్నారు. టీకా మాత్రం ఆపొద్దు, మిగతా రెండు డోసులూ వెయ్యాలన్నారు.

నాలుగేళ్ళు, రోజుకి నాలుగు. నాన్నగారే లెక్క కట్టారు, దాదాపు ఆరు వేల సూదులు. అప్పటినుంచి మాట్లాడటం లేదు.


ఓటీ_సిస్టర్
బుధవారం, రాత్రి 9:41

నిన్ను సోమవారం రాత్రే అడుగుదామనుకున్నానమ్మా, ఇంట్లో షుగర్ పేషెంట్లు ఉన్నారా అని. ఆ కోపంలో ఉన్నప్పుడు అడగబుద్ధి కాలేదు.

నాన్నగారిని ఏమీ అనకు. ఇన్సులిన్ ఎలా పొడుచుకోవాలో నేర్పినవాళ్ళెవరూ ఆ తర్వాత సూది ఎక్కడ వెయ్యాలో చెప్పలేదు. నేనూ ఎంతమందికి నేర్పానో, ఎంతమందికి చెప్పలేదో ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తున్నాను.

గట్టి ప్లాస్టిక్ సీసా తీసుకో. నీళ్ళ సీసా కాదు, అది పలచన. ఫినాయిల్ సీసానో, నేల తుడిచే లిక్విడ్ సీసానో, స్క్రూ మూత ఉన్నది. సూదిని దాని పెద్ద మూతతో పట్టుకుని విప్పి సీసాలో వెయ్యమను. వంచొద్దు, విరవొద్దు. ముప్పాతిక నిండగానే మూత బిగించి, చుట్టూ టేపు వేసి, 'సూదులు ఉన్నాయి' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. పిల్లలకి అందనిచోట పెట్టాలి.


శాంపిల్_కుర్రోడు
బుధవారం, రాత్రి 10:30

అక్కా, 2016 ఘన వ్యర్థాల రూల్ ప్రకారం ఇంట్లో వాడిన సూదులు, పాత మందులు 'ఇంటి ప్రమాదకర చెత్త' కిందికి వచ్చేవి. తడి, పొడి కాకుండా మూడోది.  విడిగా ఇవ్వాలి. ఇచ్చాక వాళ్ళు ఎక్కడికి చేరుస్తారన్నది మీ వార్డు శానిటేషన్ సెక్రటరీని అడగండి.


లాసన్స్‌బే_లక్ష్మి
నెల తర్వాత, ఆదివారం, ఉదయం 11:00

చాలామంది మెసేజ్ చేసి అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. రెండో డోసు అయింది. మూడోది మొదటిదానికి ఆరు నెలలకి. తేదీ మా ఫ్రిజ్ మీద రాసుకున్నాను, ఆ అమ్మాయి ఫోన్‌లో కూడా పెట్టాను.

నాన్నగారు ఫినాయిల్ సీసా మీద సన్నటి బ్రష్‌తో ఎర్ర రంగుతో రాసుకున్నారు. ఆయన రిటైరయ్యింది డ్రాయింగ్ మాస్టారుగా. పక్కనే ఒక సూది బొమ్మ కూడా వేశారు, చదువురానివాళ్ళకి అర్థమవ్వాలని. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో షుగర్ ఉన్న ఇళ్ళన్నిటికీ వేసి ఇస్తున్నారు. పదకొండు ఇళ్ళు తేలాయి. మొత్తం ఉన్నవి నలభై.

మొదటి సీసా నిండింది. ఎక్కడ ఇవ్వాలన్నదే ఇంకా తేలలేదు. కింద క్లినిక్ డాక్టరు గారిని అడిగాను, ఈసారి జరిగిందంతా చెప్పే అడిగాను. ఆయన నవ్వి, కావాలంటే మా తెల్ల డబ్బాలో వేసుకోండి అన్నారు.


శాంపిల్_కుర్రోడు
ఆదివారం, ఉదయం 11:25

ఆయన మంచాయన. మా ల్యాబ్‌లోనూ అడిగాను, కుదరదన్నారు. మా లెక్కలో లేని చెత్త మా బార్‌కోడ్ కింద ఎలా పంపుతాం అని. అదీ తప్పు కాదు.


లాసన్స్‌బే_లక్ష్మి
ఆదివారం, సాయంత్రం 5:10

పొద్దున్న ఆ అమ్మాయికి సీసా చూపించాను. తోపుడుబండిలో వెయ్యలేదు. మెడకి తాడు కట్టి హ్యాండిల్‌కి వేలాడదీసుకుంది. 'సెక్రటరీ గారిని అడుగుతానమ్మా, ఆయన తీసుకోకపోతే మళ్ళీ నీకే తెచ్చిస్తాను' అంది. ఇంకా తిరిగి తీసుకురాలేదు.


తుక్కు_శీను
ఆదివారం, సాయంత్రం 5:32

నా కొట్టుకి మాత్రం పంపకండి అక్కా.